మందు చల్లింది ఆ ఊరు కాదు

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. దాన్ని మింగలేదు, కక్కలేదు. దాన్ని గొంతులో పెట్టుకునే అన్నం తిన్నాను, జీతం తీసుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, బిడ్డని కన్నాను. అన్నాళ్ళూ నా భర్తకి కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఇది చెప్పుకోవడానికి అలాంటి మనుషులే నయం.

ముందుగా ఒక సంగతి. నా మీద జాలి పడకండి. కొండ మీది పిల్ల, కష్టపడి చదువుకుంది, తల్లిని కాపాడుకోబోయి తప్పు చేసింది, పాపం అనుకోకండి. ఆ కథ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. నిజం అంత బాగుండదు. క్షమించమని అడగడానికీ ఇది రాయడం లేదు. క్షమించాల్సిన వాళ్ళు మీరు కాదు. వాళ్ళు క్షమిస్తారో లేదో వాళ్ళిష్టం.

అరకు లోయలో కాఫీ కొనే ఒక సంస్థలో పని చేసేదాన్ని. పేరు చెప్పను. గింజలు కొనడం, పొట్టు తీయడం, అమ్మడం వేరే వాళ్ళు చూసుకునేవారు. ఆ లెక్కలన్నీ తెర మీద కనబడేలా రిపోర్టులు తయారుచేయడం నా వంతు. మా కొండల మీంచి వచ్చి ఆ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి ఆడపిల్లని నేనే. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఇంత చెప్పాక కూడా దాన్ని దాచుకోను.

ఆ రిపోర్టు ఎలా ఉండేదో చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. తెరవగానే తెర మీద ఒకే ఒక్క పెద్ద గడి. ఆ ఏడు కొన్న కాఫీ మొత్తం అందులో ఉంటుంది. దాని మీద నొక్కితే మండలాలుగా విడిపోతుంది. మండలం మీద నొక్కితే క్లస్టర్లు వస్తాయి. క్లస్టర్ అంటే దగ్గర దగ్గరగా ఉన్న కొన్ని ఊళ్ళ గుంపు. దాని మీద నొక్కితే ఊళ్ళు. అక్కడితో ఆగిపోతుంది. ఒక ఊరి గింజలన్నీ ఒకేచోట కలిపేసి, ఊరి పేరు మీదే బస్తాలు కట్టేవాళ్ళు కాబట్టి మనిషి పేరు దాకా దిగేది కాదు. అంతా బాగుంటే గడి పచ్చగా ఉంటుంది. తేడా వస్తే ఎర్రబడుతుంది. కింద ఒక్క ఊరు ఎర్రబడితే దాని క్లస్టర్ కూడా ఎర్రబడుతుంది.

ఇలా నొక్కుకుంటూ లోపలికి దిగడాన్ని డ్రిల్‌డౌన్ అంటారు. మా పెద్ద సార్లకి ఆ మాటంటే మహా ఇష్టం. బయటి నుంచి ఎవరొచ్చినా, మా దగ్గర ఏ గింజ ఏ ఊరిదో తెలిసిపోతుందండీ అని గొప్పగా చెప్పేవారు. ఎవరు ఎంత లోతుకి దిగి చూశారో సిస్టంలో నమోదవుతుంది. నేను చూసేదాన్ని. మండలం దాటి కిందకి దిగిన సారు ఒక్కరూ లేరు. ఊరి దాకా దిగింది నేనొక్కదాన్నే. ఈ మాట నా తప్పు తగ్గించుకోవడానికి చెప్పడం లేదు. అది నిజం కాబట్టి చెబుతున్నాను.

మా కాఫీకి మంచి ధర ఎందుకొస్తుందంటే, దానికి ఏ పురుగుమందూ తగలదన్న హామీ ఉంది కాబట్టి. ఏటా ప్రతి ఊరి బస్తాల్లోంచి గుప్పెడు గింజలు తీసి పరీక్షకి పంపుతారు. ఏ ఊరి గింజల్లో మందు ఆనవాలు దొరికితే ఆ ఊరు మొత్తం ఏళ్ళ పాటు బయటికి, వాళ్ళ గింజలు కొనరు. చల్లింది ఒక్కరైనా శిక్ష ఊరందరికీ. ఈ నియమం పెట్టినవాళ్ళు మా కొండ ఎప్పుడూ ఎక్కలేదు. దీని మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

ఒక ఏడు పరీక్ష ఫలితాలు వచ్చాయి. అవి ముందు నా దగ్గరికే వస్తాయి. నేను ఎక్కించాకే అందరికీ కనబడతాయి. మిట్టమధ్యాహ్నం. ఆఫీసులో అందరూ భోజనానికి పోయారు. ఫలితాలు ఎక్కించాను. ఒక క్లస్టర్ ఎర్రబడింది. నొక్కాను. ఎర్రగా ఉన్న ఊరు మా ఊరు.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. కాఫీ చెట్లకి ఎవరైనా మందు కొట్టారా అని అడిగాను.

"కొట్టడమేటే? సీమల మందు పొడి ఉంటాది కదా, అది మొదళ్ళకాడ సల్లినాను. ఎర్ర సీమలు కాళ్ళు కొరికేసి పుండ్లు సేసేసినాయి. పళ్ళు కొయ్యనీవు. ఏటి, తప్పా?"

"ఏం లేదులే అమ్మా" అన్నాను. పెట్టేశాను.

తర్వాత చేసిన పనికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నమూనా ఏ ఊరిదో చూపే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఊళ్ళ పేర్లన్నీ వరసగా కిందకి జారతాయి. మా ఊరి ఫలితాన్ని కొండకి అవతలి వైపున్న ఇంకో ఊరి పేరు మీదికి మార్చాను. వాళ్ళ ఫలితాన్ని మా ఊరి పేరు మీదికి తెచ్చాను. వాళ్ళ గింజలు శుభ్రంగా ఉన్నాయి. ఆ శుభ్రాన్ని మేం తీసుకున్నాం. మా మందు వాళ్ళకి ఇచ్చాం. కాదు. మేం అనకూడదు. నేను.

రెండు ఊళ్ళూ ఒకే క్లస్టర్‌లోవి. క్లస్టర్ ముందూ ఎరుపే, తర్వాతా ఎరుపే. పైనుంచి చూసేవాళ్ళకి ఏమీ మారలేదు. ఒక్క మెట్టు కిందకి దిగితేనే తేడా కనబడుతుంది. అక్కడికి ఎవరూ దిగరని నాకు తెలుసు. అందుకే వెనకాడలేదు.

ఆ ఊరే ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. జాబితాలో మా ఊరి పక్కనే ఉంది, చెయ్యి దాని మీద పడింది అనుకునేదాన్ని మొదట్లో. అబద్ధం. ఆ జాబితాని నేను పైనుంచి కిందకి పూర్తిగా చూశాను. ఒక ఊళ్ళో సర్పంచ్ గట్టివాడు, ఆఫీసుకొచ్చి బల్ల గుద్దుతాడు. ఇంకో ఊళ్ళో టీచరున్నాడు, అర్జీ రాస్తాడు. మరో ఊరివాళ్ళు మా చుట్టాలు. ఈ ఊరికి ఫోన్ సిగ్నల్ లేదు, సరైన దారి లేదు, ఆఫీసులో తెలిసిన మొహం లేదు. గట్టిగా అరవలేని ఊరిని వెతికి పట్టుకున్నాను. పైవాళ్ళు మా కొండలన్నిటినీ ఎలా చూస్తారో, నేను ఆ ఊరిని అలాగే చూశాను. నా తప్పు మొత్తంలో నాకు అన్నిటికంటే అసహ్యం కలిగించేది ఇదే. అమ్మని కాపాడాలనుకోవడం కాదు. ఆ జాబితాని చూసిన చూపు.

కానీ ఆ ఊరు అరిచింది.

ఆ ఊరి సంఘానికి నాయకురాలు సుక్రి. నాకంటే పెద్దది. కాఫీ పళ్ళు కోసీ కోసీ వేళ్ళు నల్లబడ్డ మనిషి. ఆఫీసు నుంచి కబురందిన వారానికి ఆమె కొండ దిగి, జీపెక్కి, ఒక్కతే మా ఆఫీసుకొచ్చింది. మేనేజరు గది ముందు ఆమెని చాలాసేపు నిలబెట్టారు. తర్వాత, కంప్యూటర్లో చూపించి పంపెయ్ అని నా దగ్గరికి పంపారు.

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మా ఊర్లో మందు కొట్టినారని రాసినారంట. ఏదీ, సూపీ."

చూపించాను. పెద్ద గడి నొక్కాను. మండలం నొక్కాను. క్లస్టర్ నొక్కాను. వాళ్ళ ఊరు ఎర్రగా వచ్చింది. ఆమె తెరకి దగ్గరగా వంగింది.

"ఈ ఎర్రదేనా మా ఊరు?"

"అదే, సుక్రప్పా" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

"ఇంకా నొక్కు. నోపల ఎవులున్నారో సూపీ."

"ఇంతకంటే లోపలికి పోదు అప్పా. ఊరి దాకానే."

"ఊరి దాకా వొచ్చినాది, ఇంటి దాకా ఎందుకు రాదు? సల్లినోడి పేరు సెప్పీ, ఆడితో మేం మాటాడుకుంటాం. పేరు నేకపోతే ఎలగమ్మా? అందరూ అందరి కేసీ సూసుకుంటన్నారు. రేపు ఎవుడో ఒకడి మీద పడతారు."

నాకు పేరు తెలుసు. ఆ పేరు మా అమ్మది.

"నాకు తెలీదు" అన్నాను.

ఆమె నా మొహం కేసి చూసింది. అనుమానంగా కాదు. మనవైపు పిల్ల, మనకి అబద్ధం చెప్పదు అన్న నమ్మకంతో చూసింది. తర్వాత తెర మీద వేలు పెట్టి అడిగింది.

"ఇది అబద్దం ఆడదు కదా?"

"ఆడదు అప్పా."

అది ఆడలేదు. ఆడింది నేను. ఆమె కొంగు సర్దుకుని, "సరే అమ్మా, బేగి ఎల్లాల, జీపు పోతాది" అని వెళ్ళిపోయింది.

ఆమె చెప్పినట్టే అయింది. ఊరు ఒకడి మీద పడింది. ఆ ఒకడు ఎవరనుకున్నారు? ఆమె భర్త, సోమన్న. అతను కుర్రతనంలో మైదానానికి పోయి పత్తి చేలల్లో మందు కొట్టే కూలికి చేశాడు. అప్పటి స్ప్రేయరు డబ్బా ఇంటి చూరుకి వేలాడుతూ ఉండేది. ఇంకేం కావాలి? భార్య సంఘం నాయకురాలు, మొగుడు దొంగచాటుగా మందు కొట్టాడు, పెళ్ళాం దాచింది అన్నారు. వాళ్ళ దేవత ముందు పసుపు నీళ్ళు ముట్టుకుని ఒట్టేశాడట. ఎవరూ నమ్మలేదు. ఆఫీసు నుంచి వచ్చిన కాగితం అతని ఒట్టు కంటే పెద్దదైంది. ఆ కాగితం నేను ప్రింటు తీసిందే.

మా కొండల్లో ఒకరి చేలో పనికి అందరూ వస్తారు, అందరి పనికీ ఆ ఒకరు వెళ్తారు. సోమన్న చేలోకి ఎవరూ రావడం మానేశారు. కొత్త పంట మొదటిసారి తినే కొత్తల పండగకి ఆ ఇంటిని పిలవలేదు. సుక్రిని నాయకురాలిగా తీసేశారు. ఏడాది తిరక్కుండా సోమన్న పార్వతీపురం వైపు ఏదో మిల్లులో మూటలు మోసే పనికి పోయాడు. మళ్ళీ ఊళ్ళో ఉండడానికి రాలేదు. సుక్రి మాత్రం ఉండిపోయింది, ఒక్కతే. ఇవన్నీ ఊళ్ళు తిరిగే మా ఫీల్డు వాళ్ళు టీ తాగుతూ చెప్పుకునే కబుర్లలో విన్నాను. విని నా పని నేను చేసుకున్నాను. ప్రతి ఏడూ ఆ గడిని బూడిద రంగులో ఉంచాను. బూడిద రంగంటే బయటికి పంపేసిన ఊరు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని. అమ్మ తలదించుకోవాల్సి వస్తుందని. మా ఊరు నన్ను వెలేస్తుందని. మొదటి ఏడు ఈ కారణాలు నిజమే. తర్వాత అలవాటైపోయింది. దాచుకున్న తప్పు మనిషిని రోజూ కాల్చేస్తుందని అంటారు. నన్ను కాల్చలేదు. చాలా రోజులు అది గుర్తే రాలేదు. నేను మంచిదాన్నని మీకు అనిపించాలని ఇక్కడ అబద్ధం రాయను.

ఈమధ్య రిపోర్టుని కొత్తగా తయారుచేశారు. ఇప్పుడు మా గింజలు కొనే విదేశాల వాళ్ళు కూడా నొక్కుకుంటూ ఊరి దాకా దిగొచ్చు. ఊరి గడి నొక్కితే ఆ ఊరి ఫోటో, ఒక మనిషి కథ వస్తాయి. మచ్చలేని ఊరని మా ఊరిని ముందు పెట్టారు. ఫోటోలో మా అమ్మ. బుట్ట చంకన పెట్టుకుని నవ్వుతోంది.

దాన్ని కొత్త ఉద్యోగులకి నేర్పమని నన్నే పెట్టారు. ఒకరోజు నేర్పుతున్నాను. వాళ్ళలో ఒకామె నొక్కుకుంటూ దిగి, బూడిద గడి దగ్గర ఆగింది. "మేడం, ఈ ఊరు ఎందుకిలా ఉంది?" అని అడిగింది. నేను వెంటనే అన్నాను. "వాళ్ళు మందు చల్లారు."

అన్నాళ్ళూ అది తెర మీద రంగు. నోటితో ఎప్పుడూ అనలేదు. ఆ రోజు అన్నాను. అంత మామూలుగా, అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. గదిలో అందరూ తలూపి రాసుకున్నారు. ఇక వాళ్ళు కూడా అదే చెబుతారు. వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళూ అదే చెబుతారు. ఆ రోజు పాఠం సగంలో ఆపేసి బయటికొచ్చేశాను.

మొదట అమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. నీ కోసమే చేశానమ్మా అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. చేతిలో చేట కింద పెట్టింది.

"ఓలే గుంటా, నా తప్పు దాయమని నీకెవులు సెప్పినారే? నన్నడిగితే నానే సెప్పుకుందును కదా, సీమల మందు నానే సల్లినానని. ఊరోళ్ళు తిడితే పడుదును. నా పేరు సెప్పి ఆ మనిసిని ఎల్లగొట్టినావా?"

అమ్మ కోసం అన్న సాకు అంతటితో పోయింది. చీమల మందు చల్లినందుకు అమ్మ ఏం పడాలో పడడానికి సిద్ధంగా ఉంది. భయపడింది నేను. కొండ మీంచి దిగి ఆ కుర్చీలో కూర్చున్న నా గొప్ప, మచ్చ పడిన ఊరి పిల్లనని ఎవరైనా అంటే తగ్గిపోతుందని భయపడింది నేను.

తర్వాత మేనేజరుకి చెప్పాను. తలుపు వేసి, పాత సంగతి, ఇప్పుడెందుకమ్మా, కొనేవాళ్ళకి తెలిస్తే మొత్తం క్లస్టర్ పోతుంది, ఆ ఊరిని వచ్చే ఏడు మెల్లిగా లోపలికి తీసుకుందాంలే అన్నాడు. చడీచప్పుడు లేకుండా. తప్పు ఎవరిదో చెప్పకుండా. అంటే సోమన్న పేరు అలాగే ఉండిపోతుంది. నేను కుదరదన్నాను. నా కుర్చీలోకి వెళ్ళి, ఆ పాత నమూనాలు రెండిటినీ ఎవరి ఊరి కింద వాళ్ళకి మార్చాను. మా ఊరు ఎర్రబడింది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్న చోట నా పేరు పెట్టి, చేసింది చేసినట్టు రాశాను. మా పెద్ద సార్లందరికీ పంపాను. ఈసారి దిగి చూస్తారు. సాయంత్రానికల్లా, రేపటి నుంచి రావొద్దన్నారు. సరే అన్నాను. నన్ను తీసెయ్యడం న్యాయమే. నోరు మూసుకోమనడం మాత్రం న్యాయం కాదు. ఆ రెండూ ఒకటేనని వాళ్ళనుకున్నారు.

మా ఊళ్ళో కొందరు ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు. ఉన్న ఊరిని ముంచేసిందంటున్నారు. అననివ్వండి. ఆ పచ్చ రంగు మనది కాదు, వేరేవాళ్ళది అని వాళ్ళ మొహం మీదే చెప్పాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

ఆఖరికి ఆ ఊరు వెళ్ళాను. అమ్మ వస్తానంది. వద్దన్నాను. చీమల మందు నీది, మిగతాదంతా నాది అన్నాను. జీపు దిగి కొండ ఎక్కాను. సుక్రి ఇల్లు ఊరి చివర ఉంది. వాకిట్లో రాగులు చెరుగుతోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది.

ఎన్నో మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. నమూనాలు తారుమారు చేశాననీ, సిస్టంలో పేరు మార్చాననీ మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాటలొద్దు. నువ్వేటి సేసినావో మన మాటలో సెప్పు."

ఇంట్లో మాట్లాడుకునే మాటలో చెప్పాను. మందు చల్లింది మా అమ్మ. మీ ఊరి మీద పెట్టింది నేను. సోమన్న ఏమీ చెయ్యలేదు. నువ్వు ఆఫీసుకొచ్చిన రోజు ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే నీకు అబద్ధం చెప్పాను.

చేట కింద పెట్టలేదు. చెరగడం మాత్రం ఆపింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే పడదామనే నిలబడ్డాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నా వెనక ఉన్న ఇళ్ళ వరస కేసి చూసింది.

"నాకు సెప్పడమెందుకు? ఆయన సల్లలేదని నాకు ముందే తెల్సు" అంది. "అటు తిరుగు. ఆ ఇళ్ళకి ఇనబడేలా సెప్పు."

తిరిగాను. చెప్పాను. వాకిలి దాటి వినబడలేదు.

"గట్టిగా."

ఊపిరి పీల్చుకుని, నా పేరు, మా అమ్మ పేరు, మా ఊరి పేరు చెప్పి, సోమన్న మందు చల్లలేదు అని అరిచాను. ఒక తలుపు తెరుచుకుంది. ఒక ముసలాయన చుట్ట తీసి చూశాడు. పొయ్యి దగ్గర్నుంచి ఇద్దరు ఆడవాళ్ళు బయటికొచ్చారు. నా వెనక సుక్రి మళ్ళీ రాగులు చెరగడం మొదలుపెట్టింది. చాలని ఆమె అనలేదు. అందుకని ఇంకోసారి అరిచాను. తర్వాత ఇంకోసారి.